మూడు రోజులు నానాకే

పరిశోధన సంస్థ పాత భవనంలో, కింది అంతస్తు మెట్ల పక్కన వర్క్‌షాపు గది ఉంది. లోపల ఒక లేత్ మిషను, ఒక డ్రిల్లింగ్ మిషను, కిటికీ కింద పొడవాటి బల్ల. బల్ల చివర కరెంటుతో వెచ్చగా ఉండే ఒక అలమర. పై అంతస్తు జీవశాస్త్రం వాళ్ళు పాడైందని బయట పడేస్తే, తెచ్చి తీగ మార్చి, తలుపుకు కొత్త రబ్బరు వేసి బాగుచేసుకున్నది. అందులో మూతలున్న గాజు సీసాలు వరసగా ఉంటాయి. ఒక్కో సీసాలో ఉప్పునీరు, అడుగున గోరంత వాల్వు, సీసా మెడకు దారంతో కట్టిన చీటీ. చీటీ మీద తేదీ, కొలత, చెడిపోయినదైతే ఎందుకు చెడిందో ఒక ముక్క. ‘గోళీ పట్టేసింది.’ ‘టూలు మొద్దు.’ ‘నా తొందర.’

‘నా తొందర’ అని తన చేత్తో రాసి, నలుగురికీ కనబడేలా కట్టుకునే మనుషులు తక్కువ. ఈ గది అలా కట్టుకున్న ఆవిడది. వయసు యాభై రెండు, వృత్తి టర్నరు, లేత్ మీద లోహాన్ని తిప్పి కోసే పని. సంస్థలో అందరూ పాయింటక్క అంటారు. ఎవరైనా వచ్చి ‘సుమారు ఇంత ఉండాలి’ అని వేళ్ళు చూపిస్తే, “సుమారు సంగతి తర్వాత. పాయింట్ పక్కన ఎంత?” అని అడుగుతుంది. అలా వచ్చిన పేరు.

పని నేర్పింది తండ్రి. ఆయనకు మోటారు షాఫ్టులు సరిచేసే చిన్న షాపు ఉండేది. చెక్కపెట్టె మీద నిలబడితేగాని ఆమెకు మిషను అందేది కాదు. ఏడాదిపాటు హ్యాండిలు ముట్టుకోనివ్వలేదు. టూలుకు సాన పట్టడమే పని. ఆమె సాన పట్టిన టూలుతో ఆయన ఒక కట్ తీసి, రజను వంక చూసేవాడు. రజను తెగకుండా చుట్టలు తిరిగి వస్తే తల ఊపేవాడు. పొడిపొడిగా రాలితే టూలు విప్పి మళ్ళీ ఆమె చేతిలో పెట్టేవాడు. తిట్టూ లేదు, మెప్పూ లేదు. చదువు పదో తరగతితో ఆగింది. ఈ సంస్థలోకి వర్క్‌షాపు ఊడ్చే పనికి వచ్చింది. అప్పటి టర్నరు సెలవులో ఉండగా ఒక పంపు షాఫ్టు విరిగితే, చీపురు పక్కన పెట్టి తిప్పి ఇచ్చింది. ఆ మధ్యాహ్నం నుంచి ఇరవై ఆరేళ్ళు.

వాల్వు కథ నాలుగేళ్ళ కిందట మొదలైంది. కొందరు పసిపిల్లలకు తలలో నీరు చేరుతుంది. ఆ నీటిని కొద్దికొద్దిగా కిందికి దించడానికి చెవి వెనక చర్మం కింద ఒక చిన్న వాల్వు పెడతారు. సన్నటి లోహపు గొట్టం, దాని లోపల ప్లాస్టిక్ పొర, ఆ పొరలో ఆవగింజ కంటే కాస్త పెద్ద గోళీ. నీటి ఒత్తిడి ఒక హద్దు దాటితే గోళీ లేస్తుంది, నీరు దిగుతుంది. తగ్గితే మూసుకుంటుంది. చవగ్గా, ఎక్కువ రోజులు నిలిచే వాల్వు కావాలని పిల్లల ఆపరేషన్లు చేసే డాక్టరు ఒకాయన అడిగాడు. ఇంజినీరింగ్ ప్రొఫెసరు డ్రాయింగు గీశాడు. అది ఒంట్లో పెడితే కణాలు ఎలా తట్టుకుంటాయో చూసే బాధ్యత జీవశాస్త్రం మేడమ్‌ది. తయారుచేయడం పాయింటక్కది.

మొదటి వాల్వులు ప్రొఫెసరు గదిలో చక్కగా పనిచేశాయి. పది సెంటీమీటర్ల నీటి మట్టానికి టక్కున తెరుచుకునేవి. అవే పైకి మేడమ్ గదికి వెళ్తే వారం తిరగకుండా మొండికేసేవి. రెండు నెలలు పోట్లాట నడిచింది. మేడమ్ వాడే ద్రవంలోనే ఏదో మురికి ఉందన్నాడు ప్రొఫెసరు. ఆయన కొలతలే తప్పంది మేడమ్. మీ ఇద్దరూ తేల్చుకునేలోపు నా దగ్గర పిల్లలు పెద్దవాళ్ళయిపోతారన్నాడు డాక్టరు. ముగ్గురూ చదువుకున్నవాళ్ళే, ముగ్గురి లెక్కలూ సరైనవే. కాకపోతే ఆయన పొడిగా, చల్లటి గదిలో కొలిచేవాడు. ఆవిడ తడిగా, ఒంటి వేడిలో ఉంచి కొలిచేది. ఒకరి గదికి ఒకరు వెళ్ళి నిలబడి చూస్తే పది నిమిషాల్లో తేలిపోయే సంగతి. ఎవరూ వెళ్ళలేదు, ఉత్తరాలు రాసుకున్నారు.

పాయింటక్క ఆ మొండికేసిన వాల్వు ఒకటి చీర కొంగున కట్టుకుని ఇంటికి తీసుకెళ్ళింది. ఇంటాయన దర్జీ. మాట్లాడితే నోట్లో పెట్టుకున్న గుండుసూదులు జారిపోతాయన్నట్టు ఉంటాడు. భోజనాల దగ్గర ఆమె సంగతంతా చెప్పింది. ఆయన వాల్వు వంక చూడను కూడా చూడలేదు.

“లోపలి పొర ముందే నానబెట్టి కోశావా, కోశాక నానిందా?”

“కోశాకే.”

“నూలుగుడ్డ నానబెట్టకుండా కత్తెర పెడితే మొదటి ఉతుక్కే చొక్కా బిగుసుకుపోతుంది. నీ గుడ్డ ఉబ్బే రకమేమో. ఏదైనా ముందు నానాలి, తర్వాతే కొలత.”

మూల మంచం మీద అత్తగారు అంతా వింటోంది. “వాడు గుడ్డలు నానబెడతాడు. నువ్వు గోళీలు నానబెడతావు. ఈ ఇంట్లో శనగలు నానబెట్టేవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు,” అంది.

మర్నాడు పాయింటక్క ప్లాస్టిక్ ముక్కలు ఉప్పునీళ్ళలో వేసి, ఒంటి వేడికి సరిపడా వెచ్చగా పెట్టింది. పూటపూటకూ మైక్రోమీటరుతో కొలిచింది. మొదటి రోజు ఉబ్బింది, రెండో రోజు ఇంకొంచెం, మూడో రోజు ఆగింది. గొట్టం బిగించి ఉండడంతో ప్లాస్టిక్ బయటికి ఉబ్బడానికి చోటు లేదు. లోపలికి ఉబ్బి గోళీని పట్టేస్తోంది. అప్పటినుంచి ఆమె పద్ధతి ఇదీ: కొంచెం దళసరిగా కోయడం, మూడు రోజులు నానబెట్టడం, తడి ఆరకుండానే లేత్‌కి బిగించి చివరి కట్ తీయడం, మళ్ళీ సీసాలో వేసేయడం. మూడు రోజులు నానంది ఏదీ ఆ గది గడప దాటదు. ఆ పద్ధతిలో చేసిన వాల్వులు మేడమ్ గదిలో ఏడాదిన్నరగా పనిచేస్తున్నాయి. డ్రాయింగు మీద కూడా ‘నానాకే చివరి కొలత’ అని ఒక ముక్క రాయమని ప్రొఫెసరును నాలుగైదుసార్లు అడిగింది. సరైన పరీక్షలు చేసి, పద్ధతిగా తర్వాత రాద్దాంలే అమ్మా అన్నాడాయన.

ఇంతలో ప్రభుత్వం పెద్ద గ్రాంటు ఒకటి ప్రకటించింది. వైద్యం, ఇంజినీరింగు, జీవశాస్త్రం లాంటి వేరువేరు విద్యలవాళ్ళు ఒక్క జట్టుగా కలిసి, ఒంటికి పనికొచ్చే పరికరాలు తయారుచేస్తే ఐదేళ్ళపాటు ఖర్చులు భరిస్తుంది. ముగ్గురూ కూచుని దరఖాస్తు తయారుచేశారు. తొంభై పేజీలు వచ్చింది. పరిశీలన కమిటీ గురువారం స్వయంగా చూడడానికి వస్తుందని కబురొచ్చింది.

అంతకు ముందు శుక్రవారం ప్రొఫెసరు రెండు కాగితాలు పట్టుకుని వర్క్‌షాపుకి వచ్చాడు. సామగ్రి జాబితా. మిషన్లు రిజిస్టరులో ఆమె అధీనంలో ఉన్నాయి కాబట్టి ఆమె సంతకం కావాలి. ఊరికే ఇక్కడొకటి పెట్టేయమ్మా అన్నాడు. ఊరికే సంతకం పెట్టే అలవాటు ఆమెకు లేదు. చేతులు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని మొదటి గీత నుంచి చదివింది. పదకొండో గీత దగ్గర ఆగింది. ‘లేత్ మిషను, పాతది. తొలగించాలి.’ కింద ఇంకో గీత. ‘ఈ గది: జట్టు సమావేశ మందిరంగా మార్పు.’

సంగతేమిటని అడిగింది. ప్రొఫెసరు చెప్పేశాడు. విడిభాగాలు ఇకమీదట బయటి కంపెనీ చేసిస్తుంది. వాళ్ళ మిషన్లు కొత్తవి, వాల్వులు అద్దంలా వస్తాయి. కమిటీ వాళ్ళకు అలాంటివి కనబడాలి. ఆమెను స్టోర్సుకి పంపిస్తారు, ఉద్యోగానికేం ఢోకా లేదు. జట్టు పట్టికలో పేరుండాలంటే డిగ్రీ ఉండాలని నిబంధన, తన చేతిలో ఏమీ లేదు.

“ఫారంలో మీకు గడి లేదమ్మా. నన్నేం చేయమంటారు?”

“గడి లేకపోతే గీయండి సార్. గీతలు గీయడమే కదా మీ చదువు.”

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. కాగితాలు మడతపడకుండా ఆయన చేతికే తిరిగి ఇచ్చి, ఆ పదకొండో గీత ఉన్నంతవరకు సంతకం పెట్టనని చెప్పింది. పై అధికారుల దాకా వెళ్తుంది చూసుకోండి అన్నాడాయన. వెళ్తే మెట్లెక్కి తనూ వస్తానంది.

ఆ శుక్రవారమే కంపెనీ పంపిన పొట్లం వచ్చింది. ఆరు వాల్వులు. నిజంగానే అద్దంలా ఉన్నాయి. పాయింటక్క భూతద్దం పెట్టి ఒక్కొక్కటీ చూసింది. పని బాగుందని ఒప్పుకుంది. చేసినవాడెవడో గాని చేతిలో పనితనం ఉందంది. “కానీ ఇవి నానలేదు. డ్రాయింగులో లేనిది వాడికెలా తెలుస్తుంది? తప్పు వాడిది కాదు,” అంది.

గురువారానికి వాటినే చూపిస్తానన్నాడు ప్రొఫెసరు. అంత వయసున్న మనిషి, చదువుకున్నాయన, కొత్త మెరుపు చూడగానే పాత పాఠం మరిచిపోయాడు. నిజానికి మరిచిపోలేదు కూడా. కమిటీ అరగంట ఉంటుంది, అరగంటలో ఏదీ ఉబ్బదు. ఆ లెక్క ఆయనకు తెలుసు.

డాక్టరు ఆ రోజు అక్కడే ఉన్నాడు. పొట్లంలోంచి ఒకటి తనకిమ్మని పాయింటక్క ఆయన్ని అడిగింది. ఆయన తీసి ఇచ్చాడు. ప్రొఫెసరు చూస్తుండగానే ఆమె దాన్ని సీసాలో వేసి, చీటీ కట్టి, అలమరలో పెట్టింది. “దొంగచాటుగా చేయట్లేదు సార్. మీ ముందే పెడుతున్నాను. గురువారానికి ఆరు రోజులు నానుతుంది.”

“వాళ్ళు మిమ్మల్ని ఏమీ అడగరు.”

“అడక్కపోతే నేను చెప్పను. అడిగితే మాత్రం అబద్ధం చెప్పను.”

ఇంటికెళ్ళి ఆమె ఈ సంగతి చెబితే దర్జీ కత్తెర కింద పెట్టి, చాలాసేపు టేపు చుట్టుకుంటూ కూచున్నాడు. స్టోర్సులో కూచుంటే నడుం నొప్పి తగ్గుతుందేమో అని మాత్రం అన్నాడు. అత్తగారికి కోపమొచ్చింది. “ఇరవై ఆరేళ్ళు నీ చేత మిషను తిప్పించుకుని ఇప్పుడు బోల్టులు లెక్కపెట్టమంటారా? నువ్వు సంతకం పెడితే నేను నీ చేతి కాఫీ తాగను,” అంది. ఆ ఇంట్లో కాఫీ పెట్టేది దర్జీ. ఆ మాటతో ముగ్గురికీ నవ్వొచ్చింది.

గురువారం కమిటీ నుంచి ముగ్గురు వచ్చారు. పెద్ద హాల్లో తెర మీద బొమ్మలు చూపించి ప్రొఫెసరు ముప్పావుగంట మాట్లాడాడు. వేరువేరు విద్యల మధ్య గోడలు ఎలా కూల్చారో వివరించాడు. తర్వాత వాల్వు పనితీరు చూపించాలి. నీటి మట్టం గొట్టం, పక్కన స్కేలు వర్క్‌షాపు గోడకే బిగించి ఉన్నాయి. కాబట్టి తప్పనిసరై అందరూ కిందికి దిగివచ్చారు. పాయింటక్కను బల్ల అవతల నిలబడమన్నారు. నిలబడింది.

పొట్లంలోంచి తీసిన కంపెనీ వాల్వు బిగించారు. గొట్టంలో నీరు మెల్లగా పెంచారు. ఎనిమిది, తొమ్మిది, పది. టక్కున తెరుచుకుంది. కమిటీ వాళ్ళు తలలాడించి రాసుకున్నారు. ప్రొఫెసరు మొహం విచ్చుకుంది. అక్కడితో అయిపోయేదే. కానీ కమిటీ పెద్ద, జుట్టు నెరిసిన ఒకావిడ, వెళ్తూ వెళ్తూ అలమర ముందు ఆగింది. చీటీలు చదవడం మొదలుపెట్టింది. ఒక చీటీ దగ్గర ఆవిడ పెదవుల మీదికి నవ్వొచ్చింది.

“‘నా తొందర’ అని ఎవరు రాశారు?”

“నేనే అమ్మా.”

“ఇవన్నీ ఎందుకు నీళ్ళలో ఉన్నాయి?”

ప్రొఫెసరు కిటికీ వైపు చూశాడు. పాయింటక్క తన గొంతు ఎంత ఉంటుందో అంతే ఉంచి, మొదటి వాల్వు మొండికేసిన దగ్గర్నుంచి చెప్పుకొచ్చింది. ఎవరినీ ఏమీ అనలేదు. ఎవరు ఏ గదిలో ఎలా కొలిచారో, తను ఎన్ని రోజులు నానబెట్టిందో, ఉబ్బు ఎప్పుడు ఆగిందో మాత్రం చెప్పింది. తర్వాత చివరి సీసా తీసింది. ఇప్పుడు చూసిన పొట్లంలోదే, శుక్రవారం నుంచి నానుతోంది అంది. బిగించమని కమిటీ పెద్ద చెప్పింది.

నీరు పది దాటింది. వాల్వు కదల్లేదు. పన్నెండు. పద్నాలుగు. గొట్టం పక్కనున్న స్కేలు మీదికి అందరూ వంగారు. పదిహేడు దగ్గర గోళీ లేచింది, అది కూడా ఒక్కసారిగా తెగినట్టు. ఆ తర్వాత పాయింటక్క తన వాల్వు ఒకటి సీసాలోంచి తీసి బిగించింది. చూడ్డానికి మసకగా ఉంది, ఒక పక్క చిన్న గీత కూడా పడి ఉంది. ఏడాది కిందటి చీటీ ఉన్నది. పది దగ్గర తెరుచుకుంది. దించితే మూసుకుంది. మళ్ళీ పెంచితే మళ్ళీ పదికే.

అప్పుడు డాక్టరు మాట్లాడాడు. “ఆ ఏడు సెంటీమీటర్ల తేడా మనకి గోడ మీద కనబడుతోంది. నా దగ్గర అది ఒక పసిబిడ్డ తలలో ఉంటుంది.”

కమిటీలో ఒకాయన పెన్ను తీసి, ఇది ఏ విభాగం పద్ధతి అని అడిగాడు.

“దర్జీ పని సార్. మా ఇంటాయన చెప్పాడు.”

ఆయన రాయాలా వద్దా అని పెన్ను గాల్లోనే పట్టుకున్నాడు. కమిటీ పెద్ద ఆ జట్టులో మీరేమిటని పాయింటక్కను అడిగింది.

“జట్టులో లేనమ్మా. సామాన్ల జాబితాలో ఉన్నాను. పదకొండో గీత, తొలగించాల్సిన వాటిలో.”

వాళ్ళు వెళ్ళాక ప్రొఫెసరు ఆమెతో వారంపాటు మాట్లాడలేదు. మెట్ల దగ్గర ఎదురుపడితే పక్కకు చూసేవాడు. పై అధికారి పిలిపించి, బయటివాళ్ళ ముందు సంస్థ పరువు తీశారని ఆమెను అరగంట కడిగేశాడు. వాల్వు తెరుచుకోకపోతే పోయింది వాల్వు పరువు, దాన్ని సరిచేయడానికి తనకు మూడు రోజులు చాలు అంది ఆమె. తిరిగొచ్చి మిషను తుడిచి, తిప్పాల్సిన కొత్త ముక్క బిగించింది. స్టోర్సులో ఆమె కోసం తెచ్చిపెట్టిన కుర్చీ అలాగే ఖాళీగా ఉంది.

ఆరు వారాల తర్వాత ప్రభుత్వం నుంచి ఉత్తరం వచ్చింది. దరఖాస్తు ఈసారికి ఆమోదం కాలేదు. నానబెట్టిన వాల్వుల పరీక్ష ఫలితాలు, ఆ పద్ధతి రాతపూర్వకంగా, ఆ పని చేసే మనిషి పేరు, బాధ్యత చేర్చి, ఆరు నెలల తర్వాత వచ్చే విడతలో మళ్ళీ పంపమన్నారు. ప్రొఫెసరు ఉత్తరం పట్టుకుని ఒంటికాలి మీద లేస్తూ వచ్చాడు.

“మీ వల్ల ఆరు నెలలు పోయాయి.”

“ఆరు నెలలే పోయాయి సార్. ఇంకేం పోయేదో డాక్టరు గారిని అడగండి.”

ఆయన ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. బల్ల ముందున్న స్టూలు మీద కూచున్నాడు. ఆ గదిలో ఆయన కూచోవడం అదే మొదటిసారి. సీసాల మీది చీటీలు చదివి, డ్రాయింగు తెప్పించి, కింద మూలన తన చక్కటి అక్షరాలతో ‘మూడు రోజులు నానాకే చివరి కొలత’ అని రాశాడు. రాసింది ఆమె వైపు తిప్పి చూపించాడు. ఒంటి వేడి ఎంతో కూడా రాయమంది. రాశాడు.

పది రోజులకు కొత్త ఫారం తెచ్చాడు. జట్టు పట్టికలో నాలుగో గడి చేత్తో గీసి ఉంది. అందులో ఆమె పూర్తి పేరు, పక్కన ‘సాంకేతిక సహాయకురాలు’ అని ఉంది.

“నేనెవరికి సహాయం చేశాను సార్?”

“అది మామూలుగా రాసే మాటమ్మా.”

“నేను టర్నర్ని. టర్నర్ అని రాయండి.”

కొట్టేసి రాశాడు. అర్హత అన్నచోట ఏం రాయమంటారని అడిగాడు. అలమరలో ఉన్న సీసాలు లెక్కపెట్టి రాయమంది, చెడిపోయినవి కూడా కలిపి. ఆయన లేచి నిజంగానే లెక్కపెట్టాడు. నూట నలభై ఆరు. పద్ధతి ఎక్కడినుంచి వచ్చిందో చెప్పే చోట దర్జీ పని అని కూడా పెట్టమంది. చదివినవాళ్ళు నవ్వుతారన్నాడు.

“నవ్వనివ్వండి. చదివాకే కదా నవ్వేది.”

చివర్న సామగ్రి జాబితా తీశాడు. పదకొండో గీత ఇంకా అలాగే ఉంది. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది. గ్రాంటు వస్తుందో రాదో ఆ రోజున ఎవరికీ తెలియదు. ఆమె నిలబడింది దాని కోసం కాదు కూడా. ప్రొఫెసరు పెన్ను తీసి ‘తొలగించాలి’ మీద, దాని కిందనున్న సమావేశ మందిరం మీద గబగబా ఒక గీత కొట్టి, కాగితం ముందుకు జరిపాడు.

పాయింటక్క కళ్ళజోడు పెట్టుకుని చూసింది. గీత ఒక చివర పైకి లేచి, సగం అక్షరాలు చదవడానికి వీలుగానే ఉన్నాయి. బల్ల మీదున్న స్టీలు స్కేలు తీసి, గుడ్డతో తుడిచి, ఆయన చేతిలో పెట్టింది.

“వంకరగా వచ్చింది సార్. స్కేలు పెట్టి కొట్టండి.”

ఆయన స్కేలు పెట్టి, అక్షరం కనబడకుండా, నెమ్మదిగా మళ్ళీ కొట్టాడు. అప్పుడు ఆమె పెన్ను అడిగింది.